అట్లాంటా కాగితం మ్యూజియం: చూపినదీ, చూపనిదీ

అట్లాంటాలో జార్జియా టెక్ వాళ్ళ రాబర్ట్ సి. విలియమ్స్ కాగితం మ్యూజియం గురించి అక్కడి తెలుగు మిత్రుల్ని నలుగుర్ని అడిగాను. ఒక్కరూ పేరు వినలేదు. వినాల్సిన చోటే.

ఇదంతా ఒక మనిషి పిచ్చిలోంచి పుట్టింది. డార్డ్ హంటర్ (1883–1966) దేశాలు తిరిగి చేతికాగితం పనిముట్లు పోగుచేసి 1939లో ఎం.ఐ.టి.లో ప్రదర్శనకి పెట్టాడు. ఆ సేకరణ 1954లో విస్కాన్సిన్‌లోని ఆపిల్టన్‌కీ, 1989లో అట్లాంటాకీ చేరింది. హంటర్‌కి చేతిపనంటే ప్రాణం. మ్యూజియం బలమూ అదే, బలహీనతా అదే.

బలం ముందు చెప్పాలి. జపాన్ మహారాణి షోతోకు ఎనిమిదో శతాబ్దంలో పది లక్షల చిన్న కొయ్య స్తూపాలు చేయించి, ఒక్కొక్కదానిలో అచ్చువేసిన ధారణి చీటీ పెట్టించింది. ఇప్పటికీ మిగిలిన అతి పాత అచ్చుకాగితాల్లో అవీ ఉన్నాయి. చీటీ మీద ఉన్నది సంస్కృత మంత్రం, రాసింది చీనా అక్షరాల్లో. మనం తాటాకు మీద గంటంతో గీస్తున్న కాలానికే మన శబ్దం కాగితమెక్కి అంత దూరం పోయిందన్నమాట! అక్కడ చాలాసేపు నిలబడిపోయాను.

మన దేశపు అచ్చు చూడండి. గడ్డిపుల్లల్ని గుర్రపు వెంట్రుకలతో కట్టిన చాప, కింద కొయ్య చట్రం. నానబెట్టి దంచిన జనపనార గుజ్జు కలిపిన నీళ్ళలో ముంచి, కుదిపి, పైకెత్తితే ఒక కాగితం. తరువాత గోడకి అంటించి ఆరబెట్టడం, గంజి పట్టించడం, రాయితో నునుపు చేయడం. ఈ పని చేసే కులం పేరు కాగ్జీ. పారశీకపు ‘కాగజ్’ నుంచే మన ‘కాగితం’ వచ్చింది. మాట మనదాకా వచ్చింది, గాజుపెట్టె దాకా అచ్చు వచ్చింది. ముంచిన మనిషి మాత్రం రాలేదు. వస్తువులన్నీ సేకరించినవాడి ప్రయాణంగానే కనిపిస్తాయి.

యంత్రాల భాగానికి వచ్చేసరికి నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. ఒక్కో కాగితం ఎత్తడం మానేసి ఆగకుండా తిరిగే తీగ జల్లెడ మీద గుజ్జు పోయడం, మా భాషలో చెప్పాలంటే బ్యాచ్ నుంచి స్ట్రీమ్‌కి మారడం. ఫ్రాన్సులో లూయీ నికోలా రాబర్ట్ 1799లో పేటెంటు తీసుకున్నాడు. ఎస్సోన్‌లోని మిల్లులో తొట్టి దగ్గర పనివాళ్ళతో నిత్యం గొడవలు, వాళ్ళ అవసరం తగ్గించుకోవాలనే ఈ ఆలోచన అని చెబుతారు. ఇంగ్లండులో బ్రయన్ డాంకిన్ దాన్ని పనిచేసే యంత్రంగా మలిచాడు. డబ్బు పెట్టిన ఫోర్డ్రినియర్ సోదరులు దివాలా తీశారు, యంత్రానికి మాత్రం వాళ్ళ పేరే నిలిచింది. ఇంత నాటకం ఉంది కదా, నమూనా దగ్గర నాకు దొరికింది పళ్ళచక్రాల పొందికే.

వాసన సంగతి సరేసరి. కర్రని గంధకపు రసాయనాలతో ఉడికించే క్రాఫ్ట్ పద్ధతి కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. జార్జియా తీరంలో మిల్లు ఊళ్ళ పక్కనుంచి కారులో పోయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పరిశ్రమ చరిత్ర అన్నాక ఆ ఊళ్ళ కథ కూడా కావాలి. మిల్లు తెరిస్తే ఊరు పుడుతుంది, మూస్తే ఏమవుతుందో మనకి తెలుసు. అడవి వెదురుని నమ్ముకుని సిర్పూర్ మిల్లు 1938లో ఏర్పడింది. దాని చుట్టూ పెరిగిన ఊరికి కాగితం పేరే పెట్టారు, కాగజ్‌నగర్ అని. 2014లో ఆ మిల్లు మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం కింద తెరుచుకునే దాకా ఊరంతా ఎదురుచూసింది. అలాంటి ఊరు ఒక్కటి, ఏ దేశానిదైనా సరే, ఆ యంత్రం పక్కన ఉంటే బాగుండేది.

అయినా వెళ్ళండి. గంట చాలదు, వాటర్‌మార్కుల దగ్గరే అయిపోతుంది. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తేగాని కనబడవవి.