లోపించిన విలువలు: నమ్‌పై, పాండాస్ పద్ధతులపై ఒక విమర్శ

కిందటి యూనిట్‌లో నమ్‌పై అర్రేలను నిర్మించడం, వాటిపై మొత్తం, సగటు, ప్రామాణిక విచలనం గణించడం నేర్చుకున్నారు. అక్కడి ఉదాహరణలన్నింటిలో ప్రతి గడిలోనూ ఒక సంఖ్య ఉంది. క్షేత్రం నుంచి వచ్చే దత్తాంశం అంత నిండుగా ఉండదు. కొన్ని కొలతలు తీయరు, కొన్ని తీసినా నమోదు కావు. అలాంటి ఖాళీలను మన ఉపకరణాలు ఎలా చూస్తున్నాయి, అవి చేస్తున్న పని సమంజసమేనా అన్నది ఈ భాగంలో పరిశీలిద్దాం.

మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవారికి ఏదో ఒక దశలో తప్పక ఎదురయ్యే 'పిమా ఇండియన్స్ డయాబెటిస్' దత్తాంశాన్నే ఉదాహరణగా తీసుకుందాం. పేరులో ఇండియన్స్ అని ఉన్నా దీనికి మన దేశంతో సంబంధం లేదు. పిమాలు అమెరికాలోని అరిజోనా ప్రాంతపు ఆదివాసులు. ఇందులో 21 ఏళ్లు, ఆపైన వయసున్న 768 మంది స్త్రీల వివరాలున్నాయి. వారిలో 268 మందికి మధుమేహం ఉన్నట్లు నమోదైంది. ఈ పట్టికను తెరిచి ఖాళీ గడులను లెక్కించమంటే పాండాస్ ఒక్కటి కూడా లేదని చెబుతుంది. కాని రక్తపోటు నిలువు వరుసను చూడండి. 35 మందికి రక్తపోటు సున్నా అని ఉంది. 11 మందికి శరీర ద్రవ్యరాశి సూచిక సున్నా. 374 మందికి ఇన్సులిన్ సున్నా. రక్తపోటు సున్నాగా ఉన్న మనిషి వైద్య పరీక్షకు నడిచి రాలేదు కదా! ఇవి కొలతలు కావు, కొలవలేదని చెప్పడానికి పెట్టిన గుర్తులు.

ఈ సున్నాలను సంఖ్యలుగానే తీసుకుంటే ఇన్సులిన్ సగటు 79.8 వస్తుంది. వాటిని తొలగించి మిగిలిన 394 మందికి లెక్కిస్తే 155.5. అంటే దాదాపు రెట్టింపు. మధ్యగతంలో తేడా ఇంకా ఎక్కువ: 30.5 కాస్తా 125 అవుతుంది. ఇంత తేడా ఉన్నా మొదటి లెక్కలో కంప్యూటర్ ఎక్కడా దోషం చూపదు. పోనీ, సున్నాలన్నింటినీ ఒకేసారి తీసేద్దామా? అదీ కుదరదు. అదే పట్టికలో గర్భధారణల సంఖ్య 111 మందికి సున్నా. అది నిజమైన సున్నా. ఏ సున్నా కొలత, ఏ సున్నా ఖాళీ అన్నది అర్రేకు తెలియదు. ఆ నిలువు వరుస దేనిని కొలుస్తుందో తెలిసిన మనిషే చెప్పాలి.

కాబట్టి మొదటి పని ఖాళీని ఖాళీగానే రాయడం. నమ్‌పైలో ఇందుకు వాడేది నాన్, అంటే 'సంఖ్య కానిది'. ఇది 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం నుంచి వచ్చింది. అక్కడ దీని ఉద్దేశం వేరు. సున్నాను సున్నాతో భాగించడం వంటి అర్థం లేని గణనల ఫలితాన్ని సూచించడానికి దానిని ఏర్పాటు చేశారు. 'కొలవలేదు' అనే అర్థం మనం తరువాత దానిపై మోపినది. ఈ అరువుకు మూల్యం ఉంది. అర్రేలో నాన్ కనిపిస్తే అది కొలవని విలువో, మీ సూత్రంలో జరిగిన పొరపాటో విడదీయలేరు. పూర్ణాంకాల అర్రేలో నాన్‌కు చోటే లేదు. పెట్టబోతే దోష సందేశం వస్తుంది. పాండాస్ ఆ సమస్యను తప్పించుకోవడానికి వరుస మొత్తాన్ని దశాంశ సంఖ్యలుగా మారుస్తుంది. మీ హాల్‌టికెట్ నంబర్ల చివర '.0' ప్రత్యక్షమైతే కారణం ఇదే.

ఇక అసలు భేదానికి వద్దాం. నాన్ ఉన్న అర్రేకు నమ్‌పైలో సగటు అడిగితే జవాబు నాన్. అదే విలువలను పాండాస్‌కు ఇచ్చి అడిగితే ఖాళీలను దాటవేసి, ఉన్నవాటి సగటు చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి రెండోదే సౌకర్యంగా తోస్తుంది, నమ్‌పై మొండిగా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఇక్కడ నమ్‌పైదే సరైన పద్ధతి. 768 మందిలో 374 మంది విలువ తెలియనప్పుడు, ఆ 768 మంది సగటు ఎంత అన్న ప్రశ్నకు 'తెలియదు' అన్నదే నిజమైన జవాబు. ఉన్నవారి సగటే కావాలంటే నాన్‌మీన్ ప్రమేయాన్ని మీరు పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపు ప్రోగ్రామ్‌లో రాతపూర్వకంగా మిగులుతుంది. రేపు చదివేవారికి మీరు తీసుకున్న నిర్ణయం కనిపిస్తుంది. పాండాస్‌లో ఆ నిర్ణయం ముందే జరిగిపోయింది. ఆర్ భాషలోనూ ఖాళీలను తొలగించమని మనం చెప్పేదాకా సగటు రాదు. పాండాస్‌లో అన్నీ ఖాళీలే ఉన్న వరుసకు మొత్తం అడిగితే సున్నా వస్తుంది. ఒక నెలంతా వర్షమాపకం పనిచేయకపోతే ఆ నెల వర్షపాతం సున్నా అన్నమాట!

అయితే నమ్‌పైని కూడా పూర్తిగా సమర్థించలేం. కూడికలో అంత నిజాయితీగా ఉన్న నాన్ పోలికల దగ్గర మాట మారుస్తుంది. నాన్ 150 కంటే ఎక్కువా అంటే జవాబు 'అసత్యం'. తక్కువా అన్నా 'అసత్యం'. ఇన్సులిన్ 150 దాటినవారి నిష్పత్తిని పోలిక రాసి, దాని సగటు తీసి కనుగొన్నారనుకోండి. కొలవని 374 మందీ 'దాటనివారి' జాబితాలో చేరిపోతారు. మీ హారం 394 బదులు 768 అవుతుంది. హెచ్చరిక రాదు. నాన్ తనకు తానే సమానం కాదు కాబట్టి సమానత్వ గుర్తుతో వెతికినా దొరకదు. ఇజ్‌నాన్ ప్రమేయమే వాడాలి. 2020లో వచ్చిన పాండాస్ 1.0లోని ఎన్ఏ విలువ ఈ లోపాన్ని కొంత సరిచేసింది. దానితో పోల్చితే ఫలితమూ ఎన్ఏయే. కాని సగటు దగ్గర దాటవేసే అలవాటు మాత్రం అలాగే ఉంది.

చాలా పాఠాలలో తరువాతి అడుగుగా ఫిల్‌నా వస్తుంది: ఖాళీలలో సగటును నింపేయడం. ఒక్క వరుసలో పని పూర్తవుతుంది కనుకే దీనికి ఇంత ఆదరణ అనిపిస్తుంది. ఇన్సులిన్ వరుసలో అలా చేసి చూడండి. సగటు 155.5 గానే ఉంటుంది, కాని ప్రామాణిక విచలనం 118.8 నుంచి 85.0కి పడిపోతుంది. 374 మంది స్త్రీలకు ఒకే ఇన్సులిన్ విలువ కల్పించాం, ఆ కల్పనను కొలతల పక్కన కూర్చోబెట్టాం. వారిని ఎందుకు కొలవలేదో కూడా మనకు తెలియదు. ఆరోగ్యంగా కనిపించినవారికి ఆ పరీక్ష చేయకపోయి ఉంటే, మిగిలిన 394 మంది సగటు వారికి అసలు వర్తించదు. నింపక తప్పని సందర్భాలు ఉంటాయి. అప్పుడు కనీసం ఏ గడి నింపినదో చెప్పే మరో నిలువు వరుసను చేర్చండి.

పై పట్టికలో చర్మపు మందం వరుస మిగిలి ఉంది. అందులో 227 సున్నాలు ఉన్నాయి. వాటిని నాన్‌గా మార్చి, సగటును నమ్‌పై, పాండాస్ రెండింటితోనూ గణించండి. జవాబు పక్కన అది ఎంతమంది కొలతలతో వచ్చిందో రాయండి. ఆ సంఖ్య లేని సగటును మీ అసైన్‌మెంట్‌లో చేర్చవద్దు.