ఎడారిలో పాచి

కువైట్‌లో మనవాళ్ల ఇళ్లలో వాషింగ్ మెషిన్ కంపు కొడుతోందంటే సబ్బు చాలక కాదు, సబ్బు ఎక్కువై. ఈ మాట ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. పొద్దస్తమానం సబ్బునీళ్లలో తిరిగే యంత్రానికి మురికేమిటి అనిపిస్తుంది. అందుకే తలుపు తీయగానే ముక్కవాసన కొడితే ఎవరి చెయ్యయినా ముందు సబ్బు డబ్బా మీదికే పోతుంది. ఒక మూత పోసేచోట రెండు మూతలు పడతాయి, దానిమీద సువాసన లిక్విడ్ ఇంకొంచెం. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఐదో రోజు పాత వాసనే పూల వాసనతో కలిసి వస్తుంది. విడిగా ఉన్నప్పటికన్నా అది మరీ ఘోరం. అప్పుడు మెషిన్ పాడైందంటారు, నీళ్లు మంచివి కావంటారు, ఇంట్లో పనిచేసే మనిషి సరిగ్గా ఉతకడం లేదంటారు. నా వాదన ఒకటే: ఆ కంపు ఎక్కడినుంచో ఊడిపడింది కాదు, మనం రోజూ మేత వేసి పెంచుతున్నది. మేత ఆపనంతకాలం ఏ మందు పోసినా అది మళ్లీ లేస్తుంది.

ముందు అది ఏమిటో చూద్దాం. మెషిన్ తలుపు తీస్తే మనకు కనిపించేది తళతళలాడే స్టీలు డ్రమ్ము. మురికి ఉండేది అక్కడ కాదు. డ్రమ్ము చుట్టూ ఇంకో టబ్బు ఉంటుంది, నీళ్లు నిలిచేది అందులో. ఆ రెంటి నడుమ సందు మన కంటికీ చేతికీ అందదు. సరిగా కరగని సబ్బు, బట్టల నూగు, ఒంటి జిడ్డు, చర్మం పొట్టు అన్నీ కలిసి అక్కడ పొరలా అంటుకుంటాయి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలోనూ, సబ్బు పోసే ట్రే వెనకా, కింద ఫిల్టర్‌లోనూ ఇదే సంగతి. చెరువు మెట్ల మీద కాలు జార్చే పాచి ఎలాంటిదో ఇదీ అలాంటిదే: సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు అల్లుకుని కాపురం పెట్టిన చోటు. జిగురు లోపల ఉన్నవాటికి మామూలు సబ్బునీళ్లు తగలవు. ఉతికి ఆరేసిన తువ్వాలు ముఖం తుడుచుకోగానే తడిగుడ్డ కంపు కొట్టడం అందరూ ఎరిగినదే. 2012లో జపాన్ పరిశోధకులు ఆ వాసన మూలం పట్టుకున్నారు: మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం. ఆ జీవి బట్ట ఆరినంత మాత్రాన చావదు, మళ్లీ తడవగానే పని మొదలుపెడుతుంది. కాబట్టి మెషిన్ వాసన, తువ్వాలు వాసన వేరువేరు జబ్బులు కావు. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని బాగుచేయలేం.

ఎడారిలో బూజేమిటన్న ప్రశ్న సహజం. జూన్, జూలైల్లో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తుంటే తాడు మీద వేసిన లుంగీ అరగంటలో ఎండుతుంది. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. అయితే వేసవి తిరిగేసరికి గాలి దిక్కు మార్చుకుంటుంది. ఆగ్నేయం నుంచి సముద్రం మీదుగా చెమ్మ మోసుకొస్తుంది; కారు అద్దాల మీద నీళ్లు కారే రోజులవి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో గల్ఫ్ ఆకాశంలో సుహైల్ కనిపించిందంటే వేడి విరుగుతుందని అరబ్బులు సంతోషిస్తారు. ఆ సుహైల్ మన అగస్త్య నక్షత్రమే. అగస్త్యుడు పొడిస్తే బురదనీళ్లు తేరుకుంటాయని మన కవులు అంటూ వచ్చారు; ఒకే చుక్కను చూసి ఒకరు ఎండనీ ఇంకొకరు నీళ్లనీ తలచుకోవడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. సరే, బయట గాలి ఎలాగైనా ఉండనీయండి, అసలు జవాబు వేరే ఉంది. మూసిన తలుపు వెనక మెషిన్‌కి పన్నెండు నెలలూ వానాకాలమే. ఫర్వానియాలోనో మహబౌలాలోనో కిటికీ లేని బాత్రూంలో, ఆరుగురో ఎనిమిదిమందో పంచుకునే బ్యాచిలర్ ఫ్లాట్‌లో, ఒకరి తర్వాత ఒకరు వేసుకునే మెషిన్‌కు ఆరే తీరికే ఉండదు. ఎడారి గోడ బయటే ఆగిపోయింది.

ఇక మేత సంగతి. ఇక్కడే మన ప్రాంతపు అలవాటు ఒకటి అడ్డం వస్తుందని నా నమ్మకం. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది రాయచోటి, రాజంపేట, కడప వైపువాళ్లు. అక్కడ ఎన్నో ఊళ్లలో బోరునీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలో ఉతికిన చేతికి సబ్బు ధారాళంగా వేయడం విధిలేక అబ్బిన విద్య. నురగ కనిపిస్తేనే మురికి వదిలినట్టు లెక్క. ఆ చెయ్యి అదే కొలతతో కువైట్ వచ్చింది, కానీ నీళ్లు మారిపోయాయి. ఒకప్పుడు షత్తుల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకున్న కువైట్, 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని శుద్ధి చేయడం మొదలుపెట్టింది. ఇవాళ కుళాయిలో వచ్చేది చాలావరకు అలా సముద్రం నుంచి తీసిన నీరే, రుచికీ లవణాలకీ కాస్త భూగర్భజలం కలుపుతారు. ఊరి బోరునీళ్లతో పోలిస్తే ఇది మెత్తని నీరు. చాలా సబ్బు డబ్బాల వెనక నీటి కాఠిన్యాన్ని బట్టి కొలత పట్టిక ఉంటుంది. మెత్తని నీటికి రాసిన గీత మనం పోసేదానికన్నా ఎంత కిందుందో ఒకసారి చూడండి. మిగిలిన సబ్బు బట్టలోంచి పూర్తిగా జాడించుకుపోదు, టబ్బు వెనక పొరగా మిగులుతుంది. దీనికి రుజువు మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. బట్టలు లేకుండా, సబ్బు వేయకుండా, వేడినీళ్లతో మెషిన్ తిప్పి అద్దంలోంచి గమనించండి. నురగ కనిపిస్తే అది పాత బాకీ.

సబ్బు తగ్గిస్తే మురికి వదలదని భయపడేవారికి ఒక మాట. బిందెడు నురగ బట్టను శుభ్రం చేయదు. బట్ట బట్టకు రాసుకోవడం, డ్రమ్ములో పైకెక్కి కింద పడడం, నీళ్లు పీచులోంచి దూరిపోవడం ఇవి చేస్తాయి ఆ పని. నురగ ఎక్కువైతే బట్టల మధ్య పరుపులా అడ్డుపడి ఆ దెబ్బనే మెత్తబరుస్తుంది. డ్రమ్మును కుక్కి నింపినా అంతే నష్టం. సువాసన లిక్విడ్ సంగతి ఇంకా చెప్పాలి. అది బట్ట మీద జిడ్డులాంటి పలుచని పూత వేసి మెత్తదనం తెప్పిస్తుంది. ఆ పూత మెషిన్‌కీ అంటుతుంది, తువ్వాలుకు నీళ్లు పీల్చే గుణం తగ్గిస్తుంది. ఇక్కడి ఇళ్లలో బఖూర్ పొగ వేయడం, బట్టలకు అత్తరు పట్టించడం ఒక అందమైన సంస్కృతి, అతిథికి చేసే మర్యాద. దాన్ని నేను తప్పుపట్టను. శుభ్రమైన దిష్‌దాషాకు (అరబ్బుల పొడవాటి అంగీకి) పట్టిన ఊదు వాసన వేరు, పాచి మీద కప్పిన పూల వాసన వేరు.

రజకులు చాకిరేవులో చేసిన పనిని గుర్తు తెచ్చుకుంటే మనం ఎక్కడ దారి తప్పామో తెలుస్తుంది. చౌడు మట్టిలో బట్టలు నానబెట్టి, బాన మీద ఉబ్బకు వేసి, బండ మీద బాది, పారే నీళ్లలో జాడించి, ఎండలో పరిచేవారు. క్షారం, వేడి, దెబ్బ, నీళ్లు, ఎండ. ఈ అయిదింటిలో వేడినీ ఎండనీ మనం చాలావరకు వదులుకున్నాం. ముప్పై నిమిషాల క్విక్ వాష్, 30 డిగ్రీల నీళ్లు, సబ్బుపొడికి బదులు లిక్విడ్ సబ్బు. చాలా పొడుల్లో ఉండే ఆక్సిజన్ బ్లీచ్ లిక్విడ్‌లో ఉండదు. ఎండ సంగతంటారా, కువైట్‌లో ఎండకు కొదవ లేదు గాని వీధి వైపు బాల్కనీలో బట్టలు వేలాడదీయడం మునిసిపాలిటీ ఒప్పదు, వేసినా దుమ్ము. కాబట్టి మనకు మిగిలిన ఆయుధం వేడి ఒక్కటే. వేడి లేకపోతే ఏమవుతుందో జర్మనీలో ఒక పిల్లల ఆసుపత్రి చూసింది. నెలల తరబడి అక్కడి పసికందుల ఒంటి మీద మందులకు లొంగని క్లెబ్సియెల్లా ఆక్సిటోకా అనే బ్యాక్టీరియా కనిపిస్తూ వచ్చింది. వెతగ్గా వెతగ్గా అది ఇళ్లలో వాడే రకం వాషింగ్ మెషిన్ ఒకదాని సబ్బు ట్రేలో, తలుపు రబ్బరులో దొరికింది; అల్లిన టోపీలూ మేజోళ్లూ అందులోనే ఉతికేవారు. మెషిన్ తీసేశాక అది ఆగిపోయింది. బాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో దీన్ని ప్రచురించారు. పిల్లలెవరికీ దానివల్ల జబ్బు చేయలేదు, అది నిజం. ఆరోగ్యంగా ఉన్నవారికి మెషిన్ పాచి వల్ల భయపడాల్సినంత ప్రమాదం ఉందని నేను అనను. కానీ పసిబిడ్డో, మంచాన ఉన్న పెద్దవారో, ఒంట్లో శక్తి తగ్గినవారో ఉన్న ఇంట్లో దీన్ని వాసన సమస్యగా మాత్రమే చూడటం తప్పు.

వేసవిలో కువైట్ చన్నీళ్ల కుళాయే కాలుతుంది కదా, విడిగా వేడి ఎందుకు అనేవాళ్లున్నారు. మేడ మీది ట్యాంకులో కాగిన నీళ్లు చేతికి చుర్రుమంటాయి, నిజమే. అవి టబ్బులో పడి బట్టల్లో ఇంకేసరికి గోరువెచ్చనవుతాయి. పాచిని చంపడానికి ఆ వేడి చాలదు, పెంచడానికి చక్కగా సరిపోతుంది. కావలసింది మెషిన్ తన హీటరుతో కాచుకునే 60 డిగ్రీలు, నెలకోసారి ఖాళీగా 90. ఎకో అని రాసి ఉన్న 60 వద్దు, అది చాలాసార్లు ఆ వేడికి చేరకుండానే ఎక్కువసేపు తిప్పి సరిపెడుతుంది. ఖర్చు లెక్క చూస్తే 90 డిగ్రీల కాటన్ సైకిల్‌కు సుమారు రెండు యూనిట్ల కరెంటు. అద్దె ఫ్లాట్లకు 2017 నుంచి యూనిట్ 5 ఫిల్స్, అంటే 10 ఫిల్స్‌తో సరి. కువైటీల సొంతిళ్లలో యూనిట్ 2 ఫిల్సే. దీనికి నిజమైన అభ్యంతరం డబ్బు కాదు: ఈ కరెంటు చమురూ గ్యాసూ కాల్చి పుట్టించేది, పైగా 2024 జూన్‌లో వేడి తట్టుకోలేక ఇక్కడ కోతలు కూడా పెట్టాల్సి వచ్చింది. ఆ మాటకు విలువ ఇవ్వాల్సిందే. అందుకే నేను ప్రతి ఉతుకూ వేడినీళ్లలో చేయమనడం లేదు. రంగు బట్టలు చల్లటి నీళ్లలోనే ఉతకండి. తువ్వాళ్లు, పక్కగుడ్డలు, లోదుస్తులు మాత్రం 60లో వేయండి, నెలకోసారి ఖాళీ మెషిన్ 90లో తిప్పండి, అదీ ఏసీలన్నీ ఒక్కసారి గుంజే మధ్యాహ్నం కాకుండా రాత్రిపూట. కంపు వదలక ఒకే తువ్వాలును రెండుసార్లు ఉతకడంలో పోయే నీళ్లూ కరెంటూ ఇంతకంటే తక్కువేం కావు.

తలుపు తెరిచి ఉంచమంటే తోజ్ (దుమ్ముగాలి) లేస్తే దుమ్ము పడుతుందంటారు. దుమ్ము పొడిగా పడితే తుడిస్తే పోతుంది. తడి రబ్బరు మడతలో సబ్బుతో కలిసి బురదైన దుమ్మే పాచికి పునాది. ఆఖరి ఉతుకు అయ్యాక మడతను వేలితో విప్పి పొడిగుడ్డతో తుడవండి, తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి, ట్రే బయటికి లాగి ఉంచండి. బాత్రూం తలుపు కూడా తీసి ఉంచితే లోపలి ఏసీ గాలి, అది పొడిగాలి కనుక, మెషిన్‌ను ఆరబెడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త: డ్రమ్ములోకి దూరే వయసు వాళ్లుంటే బాత్రూంకు బయట, పైన గడియ పెట్టి మాత్రమే మెషిన్ తలుపు తెరిచి ఉంచండి.

ఇప్పటికే కంపు పట్టిన మెషిన్‌కు ఒకసారి గట్టిగా పనిచేయక తప్పదు. కింద ఫిల్టర్ విప్పితే నీళ్లు కారతాయి, పళ్లెం పెట్టుకోండి. అందులోని నూగు, వెంట్రుకలు, నాణేలు తీయండి. ట్రేను పూర్తిగా ఊడదీసి బ్రష్‌తో రుద్దండి, అది కూర్చునే గూడును కూడా. రబ్బరు మీది నల్లబూజుకు నీళ్లలో కలిపిన క్లోరాక్స్ బ్లీచ్ గుడ్డతో అద్ది, కాసేపు ఉంచి, బాగా కడగాలి. ఆ తర్వాత ఖాళీగా 90. టబ్బుకు గార పట్టి ఉంటే ఇంకో రోజు నిమ్మ ఉప్పుతో తిప్పవచ్చు. ఇంకో రోజు అన్నది గట్టిగా చెబుతున్నాను: క్లోరాక్స్‌లో వెనిగరు గాని నిమ్మ ఉప్పు గాని కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణాంతకం. వెనిగరు, వంటసోడా కలిపి పోయమనే చిట్కా అపాయం కాదు గాని వ్యర్థం. ఒకటి పులుపు, ఒకటి క్షారం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని బుడగలు మిగులుస్తాయి. జమియాలో (సహకార దుకాణంలో) దొరికే మెషిన్ క్లీనర్లు పనికిరావని అనను. అలవాటు మారకుండా వాటిని నెలనెలా కొనడం వృథా. రబ్బరులోకి దిగిపోయిన మచ్చ ఎంత రుద్దినా పోకపోతే ఆ రబ్బరు మార్పించడమే మేలు.

తప్పు యంత్రానిది కాదా అంటే కొంత అదే. ఫ్రంట్ లోడ్ తలుపు గాలి చొరకుండా బిగుసుకోవాలి, లేకపోతే నీళ్లు కారతాయి. ఆ బిగుతే చెమ్మను పట్టి ఉంచుతుంది. అమెరికాలో కొనుగోలుదారులు బూజు పడుతోందని తయారీదారుల మీద దావాలు వేశారు. 2014లో ఒహాయోలో అలాంటి ఒక దావాలో జ్యూరీ కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది, అయినా ఆరే దారి ముందే ఆలోచించి మెషిన్ చేయాల్సిందని నా అభిప్రాయం మారలేదు. ఈ నింద బరువు చివరికి ఎవరి మీద పడుతోందన్నది నాకు అంతకన్నా ముఖ్యం. కువైట్ ఇళ్లలో చాలాచోట్ల మెషిన్ తిప్పేది ఖాదిమాగా (ఇంటి పనిమనిషిగా) వచ్చిన మన ఆడవాళ్లు. సబ్బు ఎంత పోయాలో, ఎన్ని డిగ్రీలు పెట్టాలో, సువాసన లిక్విడ్ ఎంత కావాలో నిర్ణయించేది వాళ్లు కారు. చొక్కా కంపు కొడితే మాట పడేది మాత్రం వాళ్లే. డిస్‌ప్లే మీది అక్షరాలు అరబ్బీలోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. అలాంటి ఇంటితో పరిచయమున్నవాళ్లు, భాష వచ్చినవాళ్లు ఈ శుక్రవారం ఒక పని చేయండి: సబ్బు మూత మీద సరైన కొలత దగ్గర మార్కర్‌తో గీత గీసి, 60 ఎక్కడ, 90 ఎక్కడ అని తెలుగులో చీటీ రాసి మెషిన్ మీద అంటించండి.