హోయా పెంచే చేతులు

జపాన్‌లోని మియాగి తీరంలో హోయా పెంచేవాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి. హోయా అంటే ఒళ్లంతా బుడిపెలున్న ఎర్రటి సముద్రజీవి. చలికాలంలో పుట్టే దాని పిల్ల అచ్చం తోకకప్పే. తోకలో వెన్నెముకకు తొలిరూపమైన కడ్డీ ఉంటుంది. అంటే మనకు దూరపు దాయాది! 1866లో రష్యా జంతుశాస్త్రవేత్త కొవలేవ్‌స్కీ ఈ చుట్టరికం బయటపెట్టాడు. పిల్ల ఏమీ తినదు. కాసేపు ఈది, తలతో దేనికో అతుక్కుని, తోకను తనలోనే కరిగించుకుంటుంది. ఇక జీవితాంతం కదలదు. ఆ కాస్త వ్యవధిలోనే రైతు తాళ్లకు గుచ్చిన ఆల్చిప్పలు నీళ్లలో ఉండాలి. మరీ ముందే దించితే వేరే జీవులు చోటు పట్టేస్తాయి.

పంటకు మూడు నాలుగేళ్లు. 2011 సునామీ తాళ్లన్నీ ఊడ్చుకుపోయింది. మళ్లీ మొదలుపెడితే, అప్పటిదాకా ప్రధాన కొనుగోలుదారైన దక్షిణ కొరియా 2013లో దిగుమతి ఆపేసింది.

ఒలవడం మరో విద్య. పైన రెండు గొట్టాలు: నీళ్లు పీల్చేదానికి కూడిక గుర్తు, వదిలేదానికి తీసివేత గుర్తు. రెంటినీ కోసి, లోపలి నీళ్లు గిన్నెలోకి వంపి, సెల్యులోజున్న మందపాటి తొడుగు చీల్చి, బొటనవేలితో నారింజరంగు కండను విడదీస్తారు. నల్లటి కాలేయం, పేగు తీసేసి, కండను ఆ నీళ్లతోనే కడుగుతారు. కుళాయి నీళ్లు పోస్తే రుచి పోయినట్టే.