కోయరోగం, పెద్దరోగం, తొందర పరీక్ష

రోగానికి కులం లేదని మనకు బడిలో చెప్పిన్రు. సర్కారు కాగితాలు వేరే మాట చెప్తున్నాయి. యాస్ అనే చర్మవ్యాధికి భారత ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఇచ్చిన 'స్థానిక నామాలు' చూడండి: కోయ రోగం, గోండి రోగం, మాడియా రోగం. ఎవరి స్థానికం ఇది? కోయలు తమ పిల్లల పుండ్లకు తమ పేరే పెట్టుకున్నారా? దూరం నుంచి చూసి జరిగిపోయిన కళ్లు పెట్టిన పేర్లివి. గడీల్లో తిరిగిన జబ్బుల్లో ఒక్కదానికైనా దొర రోగమని పేరు పెట్టినోళ్లు కరీంనగర్ జిల్లాలో ఎవరన్నా ఉన్నారా?

చర్మవ్యాధుల మాలిక్యులర్ పరీక్షల మీద ఇప్పుడు వస్తున్న రాతలను ఈ పేర్ల పక్కన పెట్టి చదవాలె. పుండు నుంచో చర్మం నుంచో తీసిన రవ్వంత నమూనాలో సూక్ష్మజీవి డిఎన్ఎను లక్షల రెట్లు పెంచి గుర్తుపట్టే పద్ధతి ఇది. పిసిఆర్ అంటే 2020లో కోవిడ్ పుణ్యమా అని ఊరూరికీ తెలిసిన మాటే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన చర్మవ్యాధులన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చిన తర్వాత ఈ పరీక్షల మీద ఆశ ఇంకా పెరిగింది. నిర్లక్ష్యం చేసింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఈ రాతల్లో తక్కువ. 'నిర్లక్ష్యానికి గురైన' అనే పదబంధంలోనే కర్త మాయమైండు.

ఈ పరీక్షను వెక్కిరించడానికి నేను రాయడం లేదు. యాస్ సంగతే చూద్దాం. ఆ సూక్ష్మజీవి సిఫిలిస్ సూక్ష్మజీవికి తోబుట్టువు. అయితే యాస్ ఒళ్లూ ఒళ్లూ తగిలి, ఎక్కువగా పిల్లల నుంచి పిల్లలకు అంటుతుంది. లైంగిక సంబంధంతో పని లేదు. మామూలు రక్తపరీక్షలకు ఈ రెంటికీ తేడా తెలియదు. ఒక గోండు పిల్లకు రక్తపరీక్షలో 'ఉంది' అని వస్తే, ఆ పిల్ల మీద, తల్లి మీద పడే మచ్చను ఎవరు కడుగుతారు? డిఎన్ఎ పరీక్ష ఆ తేడాను చెప్పగలదు. ఇక్కడ యంత్రం మన పక్షాన సాక్ష్యం చెప్తుంది. ఒప్పుకోవాలె.

కానీ మన దేశంలో యాస్ పోయింది ఆ యంత్రంతో కాదు. 1952 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో పెన్సిలిన్ సూదులతో ఉద్యమంలా పని నడిచింది. జబ్బు తగ్గంగనే పట్టు సడలింది, జబ్బు మళ్లీ తలెత్తింది. 1996లో కోరాపుట్‌లో మొదలుపెట్టి గూడెం గూడెం, ఇల్లిల్లూ తిరిగి వెతికిన్రు. 2003లో చివరి కేసు. 2016లో యాస్ లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. నడిచిన కాళ్లు, పాత మందు, ఒక్క సూది.

ఇగ పెద్దరోగం. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠు దవాఖాన పెట్టి నూరేళ్లు దాటింది. నాగభూషణం వేలసార్లు ఆడిన 'రక్తకన్నీరు' కుష్ఠును పాపానికి శిక్షగా చూపెట్టి చప్పట్లు కొట్టించుకుంది. అంటరానితనం అనుభవించిన వాడల్లో ఈ రోగం వచ్చినోళ్లది రెండో అంటరానితనం. 2005 డిసెంబరులో దేశం కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు లెక్క తేలింది. పదివేల మందికి ఒక్కరి కన్నా తక్కువ అన్నదే కొలత. ఈ కొలత రిజిస్టర్‌లో ఉన్న పేర్లది. ఎక్కువ సూక్ష్మజీవులున్న రోగులకు మందు వాడే కాలాన్ని 24 నెలల నుంచి 12 నెలలకు కుదించడంతో పేర్లు తొందరగా కొట్టేయబడ్డాయి. మందు మంచిదే, కుదింపుకూ శాస్త్రీయ కారణాలున్నాయి. కానీ పేరు కొట్టేసినంత మాత్రాన కొత్తగా అంటుకోవడం ఆగదు కదా! పైగా కుష్ఠు పనికే ప్రత్యేకంగా ఉన్న సిబ్బందిని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిపేసిన తర్వాత, ఇంటింటికీ పోయి వెతకడం పోయి రోగే వచ్చి చెప్పుకోవాలె అన్న పద్ధతి వచ్చింది. మళ్లీ వెతుకుడు మొదలైంది 2016లో. యాస్‌లో చేసిన తప్పే ఇక్కడా.

నాకు అసలు పేచీ 'తొందర' అన్న మాటతోనే. గంటల్లో ఫలితం అంటున్నరు. ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుంది? నమూనా గొట్టంలో పడ్డంక. కుష్ఠు బయటపడడానికి సగటున ఐదేళ్లు పడుతుంది. ఆ తర్వాత జగిత్యాలలో బీడీలు చుట్టే అమ్మ చేతికి మొద్దుబారిన మచ్చ వస్తే, దాన్ని ఎవరన్నా దూదితో తాకి 'తెలుస్తుందా అమ్మా' అని అడిగేదాకా ఎన్నేండ్లు? తిర్యాణి గుట్టల్లోని కొలాం గూడెంలో ఎన్నేండ్లు? ఈ కాలం ఏ పరిశోధనా పత్రంలోని పట్టికకూ ఎక్కదు. వేళ్లు వంకరపోయిన తర్వాత పిసిఆర్ చెప్పే కొత్త సంగతి ఏమీ లేదు.

ఇంకొకటి. సూక్ష్మజీవులు తక్కువున్న రోగుల్లో, అంటే డాక్టరుకు సాయం బాగా అవసరమైన చోటే, పిసిఆర్ తరచుగా తప్పిపోతుంది. జబ్బు లేని ఇంటి మనుషుల ముక్కులోనూ ఆ డిఎన్ఎ దొరకొచ్చు. అది బతికిందా చచ్చిందా అన్నది మామూలు పరీక్షకు తెలియదు. నిజంగా దీనికి సాటిలేని చోటు మందు పనిచేయని కేసులే. కుష్ఠు సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచలేం. ఎలుక పాదంలో పెంచి చూడాలంటే నెలల తరబడి ఆగాలె. రిఫాంపిసిన్‌కు లొంగుతుందా లేదా అన్నది జన్యువు చూసి కొద్ది రోజుల్లో చెప్పవచ్చు. 2001లో మొదట పూర్తిగా చదివిన కుష్ఠు జన్యుపటం తమిళనాడు రోగి నుంచి తీసిన సూక్ష్మజీవిదే, దాని పేరే టిఎన్. మన దేశపు రోగి ఒంట్లోంచి పుట్టిన ఈ విజ్ఞానం ఆసిఫాబాద్ దవాఖాన దాకా తిరిగి రావాలని అడగడం భిక్ష కాదు.

క్షయకు వాడే ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తది, చిన్న దవాఖానల్లోనూ పెట్టొచ్చు. కుష్ఠుకూ అలాంటిది కావాలని అడుగుదాం. అడిగేటప్పుడు ఇంకోటీ అడగాలె: ఆ యంత్రానికి నమూనా ఎవరు ఇస్తరు? చెవి తమ్మెను రెండు వేళ్లతో నొక్కి, రక్తం రాకుండా సన్నగా కోసి, కత్తి అంచుతో గీకి తీసే పని అది. తెలిసిన పాత సిబ్బంది రిటైరవుతున్నరు. కొత్తోళ్లకు ఆ పని నేర్పే పోస్టులు ఏ నోటిఫికేషన్‌లో ఉన్నాయో విద్యార్థి సంఘాలు ముందు అవి వెతకాలె.