కుక్క చేసేది ప్రేమా, పనా?

మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళకి తోడుండే కుక్కల గురించి ఇంగ్లీషులో వచ్చిన స్వీయకథనాలు కొన్నాళ్ళుగా చదువుతున్నాను. కథ దాదాపు ఒకటే. ఆమె పడిపోబోతుంది. కుక్క ముందే పసిగడుతుంది. ఎలాగంటే, ప్రేమ వల్ల. ఈ ప్రేమ దగ్గరే నాకు పేచీ. ఆడవాళ్ళ సేవకూ ఇదే పేరు పెట్టి లెక్కల్లోంచి తీసెయ్యడం మనకు తెలియనిదా!

ఫిట్స్ వచ్చాక ఏం చెయ్యాలో కుక్కకి నేర్పుతారు. పక్కనే పడుకోవడం, మొరిగి మనుషుల్ని పిలవడం, అలారం మీట నొక్కడం. ముందే హెచ్చరించడం మాత్రం అన్ని కుక్కలకీ అబ్బదు, దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. 2019లో ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐదు కుక్కలకి ఊపిరి, చెమట నమూనాలు వాసన చూపించారు. ఫిట్స్ నాటి నమూనాలను మూడు కుక్కలు ప్రతిసారీ గుర్తుపట్టాయి. మిగతా రెండూ మూడింట రెండు వంతులు గుర్తుపట్టాయి. అది కూడా శిక్షణ తర్వాతే.

1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం ఈ విషయంలో కథలకన్నా నిజాయితీగా ఉంది. కుక్కతో వచ్చినామెను దుకాణం వాళ్ళు రెండే ప్రశ్నలు అడగొచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా? ఏ పనిలో శిక్షణ పొందింది? జబ్బేమిటని అడగకూడదు. కేవలం ఊరటనిచ్చే కుక్క ఈ నిర్వచనంలోకి రాదు. ప్రేమను పక్కనబెట్టి పనిని గుర్తించిన వాక్యాలివి.

ఈ కళ్ళతో అన్నా దస్తయేవ్‌స్కయా స్మృతులు మళ్ళీ తెరిచాను. 1866లో శీఘ్రలేఖకురాలిగా వచ్చి, మరుసటేడు రచయితని పెళ్ళాడింది. పెళ్ళయిన కొత్తల్లో, అక్కగారింట్లో, ఆయనకు మూర్ఛ వచ్చింది. అక్క కేకలు పెట్టి పారిపోతే, అన్నా నేలమీద కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. ఎం.ఏ.లో ఆ ఘట్టాన్ని నేనూ భార్య ప్రేమగానే చదివాను. శీఘ్రలేఖనం ఆమె వృత్తి. మరి ఇది?

నాకు పదమూడో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. అమ్మ స్నానాలగది బయటే కూర్చునేది, గడియ పెట్టుకోనిచ్చేది కాదు. నా చేతిలో తాళంచెవులు కుక్కబోయే చుట్టాల్ని తోసేసి, నన్ను పక్కకి ఒత్తిగిలబెట్టేది. ఎవరికీ చెప్పొద్దనేది. హిందూ వివాహ చట్టంలోని అనర్హతల్లోంచి మూర్ఛను 1999లో తీసేశారు గానీ, పెళ్ళిచూపుల్లోంచి ఎవరు తీస్తారు? ఆ గడియ కోసం అమ్మతో ఎంత పోట్లాడానో! కాపలా కాస్తున్నదనుకున్నాను. కాసింది కూడా. కుక్కకైతే ముసలితనంలో విరమణ ఉంటుంది.

నాకంటే ముందు నీకెలా తెలిసేదని మొన్న అడిగాను.

"కన్నదాన్ని, తెలీదుటే?" అంది. కాసేపాగి, "నీ ఎడంచేతి బొటనవేలు లోపలికి ముడుచుకునేది. అది కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది" అంది.