లారీ బాడీకి పట్టు

కొత్తపట్నం తీరాన సరుగుడు కర్రల లోడుతో లారీ రోడ్డెక్కేటప్పుడు ఒక వెనక చక్రం ఇసుక గుంటలో దిగుతుంది, రెండోది గట్టు మీదే ఉంటుంది. అప్పుడు ఛాసిస్ మెలి తిరుగుతుంది. అలా తిరిగేట్టుగానే దాన్ని తయారుచేస్తారు. పైనున్న బాడీ మాత్రం అంత మెలికను ఓర్చుకోలేదు. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చేవాడు బాడీ కట్టే మేస్త్రి.

ఈ పనితనం విజయవాడ ఆటోనగర్‌లో చూడాలి. ఛాసిస్ అంటే రెండు పొడవాటి ఉక్కు చానెళ్లు. వాటి పై, కింది అంచులకు రంధ్రం వేయకూడదు, వెల్డింగ్ పెట్టకూడదు. పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే మేస్త్రి యూ బోల్టులతో బాడీని చానెల్‌కు కట్టేస్తాడు, మధ్యలో చెక్కో రబ్బరో పరుస్తాడు. బిగింపుకు అంచులు నొక్కుకుపోకుండా చానెల్ లోపల దిమ్మె దూరుస్తాడు. సైలెన్సర్ వేడి తగిలేచోట చెక్క దిమ్మె పనికిరాదు, ఇనుపదే పెట్టాలి. క్యాబిన్ వెనక స్ప్రింగు బిగింపు ఇస్తే ఛాసిస్ మెలి తిరిగినా బాడీ కాస్త లేచి సర్దుకుంటుంది. వెనకవైపు మాత్రం కదలని ప్లేట్లు.

రంగులూ రాతలూ అందరి కంటా పడతాయి. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసే లారీలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అడుగునున్న ఈ పనే.

కొత్తగా బాడీ కట్టించుకున్నవారికి ఒక మాట: మొదటి లోడు దించాక యూ బోల్టుల నట్లు మళ్లీ బిగించండి. బరువుకు చెక్క అణుగుతుంది, పట్టు వదులవుతుంది.