శనివారపు కూలి: తెలుగు యూదుల సమాజమందిర జీవనం, పశ్చిమ ప్రకాశం పూర్వరంగం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిమ్' పేరుతో యూదు మతాచారాన్ని పాటిస్తున్న తెలుగు మాదిగ కుటుంబాలపై వెలువడిన రచనలు ఎక్కువగా వారి పుట్టుక ప్రశ్న చుట్టూ తిరిగాయి. వారానికొకసారి వచ్చే విశ్రాంతి దినం, దానికి చెల్లించే కూలి మూల్యం ఆ చర్చలో పక్కకు జరిగాయి. ఒంగోలు, కంభం, మార్కాపురం ప్రాంతాల మాదిగలు 19వ శతాబ్దంలో ఆదివారపు పనిని నిరాకరించిన చరిత్రను పక్కన పెట్టుకొని చూస్తేనే కొత్తరెడ్డిపాలెం శనివారం అర్థమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బెనె ఎఫ్రాయిమ్, సమాజమందిరం, విశ్రాంతి దినం, మాదిగ చరిత్ర, ఒంగోలు బాప్టిస్టు మిషన్, మార్కాపురం, కుల పురాణం.

1. ఉపోద్ఘాతం:

యూదుల ప్రార్థనాలయానికి తెలుగు బైబిలు వాడిన మాట 'సమాజమందిరము'. హీబ్రూలో 'బేత్ క్నెసెత్' అంటే కూడుకొనే ఇల్లు. తెలుగు అనువాదకులు మూలానికి చాలా దగ్గరగా నిలిచిన మాటల్లో ఇది ఒకటి. అక్కడ ముందు చెప్పవలసినది దేవుని విగ్రహమో అర్చకుడో కాదు, కూడిక. ఆరాధన పూర్తిస్థాయిలో జరగాలంటే సంప్రదాయ నియమం ప్రకారం కనీసం పదిమంది వయోజన పురుషులు హాజరు కావాలి. ఆ పదిమంది రాని శనివారం కొన్ని ప్రార్థనలు చదవరాదు, ధర్మశాస్త్రపు చుట్టను విప్పి సామూహిక పఠనం చేయరాదు. కాబట్టి సమాజమందిరాన్ని గురించిన ఏ విమర్శ అయినా మొదట అడగవలసిన ప్రశ్న: శనివారం పదిమంది రాగలుగుతున్నారా? రావడానికి వారు దేనిని వదులుకుంటున్నారు?

కొత్తరెడ్డిపాలెం విషయంలో ఈ ప్రశ్నకు రావలసినంత ప్రాధాన్యం రాలేదు. 1980ల తొలినాళ్లలో షమూయేల్ యాకోబీ జెరూసలేము వెళ్లివచ్చిన తరువాత ఈ సమూహం యూదు మతం వైపు తిరిగింది. ఆయన సోదరుడు సాదోక్ యాకోబీ నాయకత్వంలో 1991లో సమాజమందిరం ఏర్పడింది. అంతకు ముందు ఈ కుటుంబాలు బాప్టిస్టు క్రైస్తవులు. ఈ ఆచారాన్ని చేపట్టిన కుటుంబాలు కొత్తరెడ్డిపాలెంతో పాటు ఒంగోలు పరిసరాల్లోనూ ఉన్నాయి. అంటే ప్రకాశం జిల్లా ఈ కథలోకి బయటినుంచి తెచ్చిపెట్టినది కాదు. పశ్చిమాన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో యూదు సమాజమందిరం లేకపోయినా, దానికి ముందు జరిగిన కథ ఆ మెట్టపొలాల్లోనే ఉంది.

2. పుట్టుక ప్రశ్న – కుల పురాణం:

ఈ సమూహంపై వచ్చిన సమగ్ర గ్రంథం యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' (ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, 2013). ఈ గ్రంథానికి ఉన్న గొప్ప గుణం, తీర్పు చెప్పకపోవడం. బెనె ఎఫ్రాయిమ్ వారు ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాలలో ఒకదాని సంతతి అవునా కాదా అన్న విచారణకు రచయితలు దిగలేదు. ఆ వాదనను దళిత ఆత్మగౌరవ చరిత్రలో భాగంగా చదివారు. ఈ విషయంలో వారు తమ ముందున్న యాత్రా రచయితలకంటే చాలా దూరం నడిచారు.

అయితే ఒక చిక్కు మిగిలింది. గ్రంథంలో గోమాంస భక్షణం, ఖననం, శనివారపు ప్రార్థన, పండుగలు అన్నీ కనబడతాయి. కానీ అవి ఎక్కువగా ఒక వాదనకు సాక్ష్యాలుగా కనబడతాయి. 'మేము గొడ్డుమాంసం తింటాము, కాబట్టి మా పూర్వులు హిందువులు కారు' అన్న తీరులో ఆచారం గతాన్ని రుజువు చేసే పనికి నియమితమవుతుంది. దేనికీ రుజువుగా కాక, ఈ వారం గడవడానికి పాటించే ఆచారం ఎలా ఉంటుందన్నది పాఠకునికి పూర్తిగా అందదు. ఇది పరిశోధకుల లోపమని మాత్రమే అనలేము. గుర్తింపు కోరే సమూహం తన గురించి బయటివారికి చెప్పేటప్పుడు రుజువుల భాషలోనే మాట్లాడుతుంది. మణిపూర్, మిజోరం ప్రాంతాల బెనె మెనాషే సమూహాన్ని 2005లో ఇశ్రాయేలు సెఫార్దీ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ గోత్ర సంతతిగా గుర్తించిన తరువాత ఆ భాషకు విలువ ఇంకా పెరిగింది. పరిశోధకుడు ఆ భాషను నమోదు చేయాలి, కానీ దానికే పరిమితం కాకూడదు.

తెలుగు సాహిత్య పరిశోధనకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. మాదిగల పుట్టుకను చెప్పే జాంబపురాణాన్ని తెలుగు విమర్శ దశాబ్దాలుగా చదువుతున్నది. డక్కలివారు కిన్నెర పట్టి ఆ కథ చెప్పేటప్పుడు జాంబవంతుడు ఎప్పుడు పుట్టాడని తవ్వకాల నివేదికను ఎవరూ అడగరు. కులం తన హీనతను ఒప్పుకోకుండా, లోకం పుట్టకముందే తాను ఉన్నానని చెప్పుకొనే తీరును అందులో గుర్తిస్తారు. ఎఫ్రాయిమ్ కథ కూడా ఆ వరుసలో చేరే కుల పురాణమే. ఈ మాట అనడం దానిని తక్కువ చేయడం కాదు, దానికి ఊరి లోపల స్థానం ఇవ్వడం. తేడా ఒక్కటే. జాంబపురాణం వినడానికి పని మానుకోవలసిన అవసరం లేదు. ఎఫ్రాయిమ్ కథను నమ్మినవారు ప్రతి ఏడవ రోజూ పని మానాలి.

3. ఆదివారం మానిన ఊళ్లు:

గుండ్లకమ్మ గిద్దలూరు వైపు నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువును నింపి, తూర్పుకు సాగి ఒంగోలు సమీపంలో సముద్రంలో కలుస్తుంది. ఆ నదిలోనే వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న, కరవు వెన్నంటి, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. మిషనరీ జాన్ క్లౌ పేరు ఈ ఘటనతో ముడిపడి ఉన్నా, ఉద్యమానికి దారి వేసినది 1866లో క్రైస్తవం స్వీకరించిన యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటి పల్లెల్లో తోలు వ్యాపారం మీద తిరిగిన ఆయన అంతకుముందే రాజయోగ మార్గంలో ఉన్నవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకానికి చెప్పులు కుట్టే పనినే పేరుగా పెట్టడంలో ఒక సత్యం ఉంది: ఆ మతచర్చ నడిచింది పని నడుమనే.

క్రైస్తవంలోకి వచ్చిన మాదిగలకు అప్పుడు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. మూడవ దానిలోనే జాతరలో డప్పు కొట్టకపోవడం ఇమిడి ఉంది. వేదాంత గ్రంథాలలో ఇవి చిన్న నియమాలు. ఊళ్లో ఇవి వెట్టిచాకిరీ వ్యవస్థకు నేరుగా తగిలిన దెబ్బలు. మార్కాపురం, కంభం వంటి మెట్ట ప్రాంతంలో మోటబావి మీద ఆధారపడిన రైతుకు కపిలతోలు చినిగితే మాదిగ వచ్చి కుట్టాలి. ఆ మనిషి ఏడింట ఒక రోజు రానంటే పైరుకు నీళ్లు ఆగుతాయి. బావులు మూయించడం, అంగడిలోకి రానీయకపోవడం వంటి ప్రతీకారాలు మిషన్ రచనల్లో నమోదయ్యాయి. వాటిని మతద్వేషంగా మాత్రమే చదివితే సగం చదివినట్లే. ఆ కోపంలో శ్రమ పోతున్నదన్న లెక్క కూడా ఉంది.

అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు వాటిని ఇందులో కలిపారు. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. మిషన్ చరిత్రను జిల్లా సరిహద్దులతో విడగొట్టి చదివే అలవాటు వల్ల పడమటి పల్లెల ఆదివారం, డెల్టా పల్లె శనివారం రెండు వేరు కథలుగా మిగిలిపోయాయి. కొత్తరెడ్డిపాలెం కుటుంబాలు బాప్టిస్టు సంఘం నుండే వచ్చాయన్నది మరవరాదు. పని మానడమే భక్తి అన్న భావన వారికి జెరూసలేము నుండి కొత్తగా వచ్చినది కాదు, తాతల కాలం నుండి ఇంట్లో ఉన్నదే. మారినది రోజు.

4. రోజు మారితే ఏమవుతుంది:

రోజు మారడం చిన్న విషయం కాదు. 19వ శతాబ్దంలో సాహసంగా మొదలైన ఆదివారం ఇప్పుడు బడికి, బ్యాంకుకు, కచేరీకి సెలవు. దానిని పాటించడానికి ధైర్యం అక్కరలేదు. శనివారం అలా కాదు. తెలుగు ఇళ్లలో అది ఇదివరకే వేంకటేశ్వరుని రోజు, ఉపవాసపు రోజు. కూలికి మాత్రం మామూలు రోజు. డెల్టాలో నాట్లు, కోతలు ముఠాల చేతుల్లో ఉంటాయి. ముఠాలో ఒకరు వారానికొకరోజు మానితే మేస్త్రి మరొకరిని చూసుకుంటాడు. బెనె ఎఫ్రాయిమ్ వారిలో అధికులు భూమి లేని వ్యవసాయ కూలీలు. అందరూ ప్రతి శనివారం పని మానలేకపోవడాన్ని విశ్వాసలోపంగా లెక్కించడం వారి జీవనాన్ని చూడకపోవడమే.

యూదు సంప్రదాయం ఈ చిక్కును ఎరగనిది కాదు. విశ్రాంతి దినపు ఆజ్ఞకు నిర్గమకాండం సృష్టిని కారణంగా చెబుతుంది. ద్వితీయోపదేశకాండం మాత్రం ఐగుప్తులోని దాస్యాన్ని గుర్తుచేసి, దాసుడూ దాసీ యజమానిలాగే విశ్రమించాలని అంటుంది. రెండవ కారణం వెట్టి ఎరిగిన ఊరికి చెప్పినట్లుంటుంది. అయితే ఆ ఆజ్ఞ యజమానిని ఉద్దేశించినది. కూలివాడు తనంతట తాను దానిని అమలు చేయవలసి వస్తే ఏమి చేయాలో అందులో లేదు. కొత్తరెడ్డిపాలెం సమస్య సరిగ్గా అక్కడే ఉంది.

మిష్నా గ్రంథంలో విశ్రాంతి దినాన నిషిద్ధమైన పనులు 39. ఆ జాబితాను తెలుగు పరిశోధకులు దగ్గరగా చూడవలసి ఉంది. దుక్కి, విత్తడం, కోత, కట్టలు కట్టడం, నూర్పు, తూర్పారబట్టడంతో మొదలై రొట్టె కాల్చడం దాకా పదకొండు పనులు ఒక వరుస. జంతువును పట్టడం, కోయడం, తోలు ఒలవడం, ఉప్పు పట్టించడం, ఊనడం, గీకడం, కత్తిరించడం మరో వరుస. మొదటి వరుస వ్యవసాయ కూలిది. రెండవది దాదాపుగా లంద, ఆరె, తంగేడు చెక్కల వృత్తిది. మాదిగవాడ రెండు బతుకుతెరువులూ ఆ జాబితాలో ఉన్నాయి. అందువల్ల గోత్ర వాదన రుజువవుతుందని కాదు. పనిని ఇంత సూక్ష్మంగా పేరుపేరునా చెప్పి, ఈ రోజుకు చాలు అని ఆపించిన గ్రంథం ఆ వాడకు దగ్గరగా తోచడంలో వింత లేదన్నదే విషయం.

తోలు విషయంలో ఇంకొకటి కూడా ఉంది. సమాజమందిరంలో అత్యంత పవిత్రమైనది ధర్మశాస్త్రపు చుట్ట. అది పవిత్ర జంతువు తోలు మీద చేతితో రాయవలసినది. ప్రార్థనలో పురుషులు నుదుటికీ చేతికీ కట్టుకొనే తెఫిల్లీన్ కూడా తోలువే. తోలు ముట్టినవాణ్ణి ఊరి వెలుపల ఉంచిన సమాజంలో తోలు మీదనే దైవవాక్యం రాసే మతం ఎటువంటి అర్థాన్ని పొందుతుందో ఊహించడం కష్టం కాదు. కానీ దీనిని సులువైన ప్రశంసగా మార్చరాదు. అదే మిష్నా తోలు ఊనే చోటు పట్టణానికి యాభై మూరల దూరంలో ఉండాలంటుంది. ఆ పని చేసే భర్తను విడిచిపెట్టే హక్కు భార్యకు ఉందనీ అంటుంది. వాసన అక్కడా వాసనే. అయితే పుట్టుకతో అంటే మైల అక్కడ లేదు.

5. గుర్తింపు, చట్టం:

పశ్చిమ భారతంలో బెనె ఇజ్రాయేల్ వారి అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. కొంకణ తీరంలో నూనె గానుగ ఆడించే ఆ సమూహాన్ని పొరుగువారు 'శనివార్ తేలీ' అన్నారు, అంటే శనివారం పని మానే గాండ్లవారు. బొంబాయిలో వారి తొలి సమాజమందిరం 1796లో వెలిసింది. పేరు మాత్రం మందిరం నుండి రాలేదు, మానిన పని నుండి వచ్చింది. గానుగ సొంతదైనవాడికి శనివారం ఆపడం సాధ్యం. కూలివాడికి ఆపవలసిన గానుగ ఏది?

చట్టం ఈ భేదాన్ని మరింత పెంచుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారికి బి.సి.–సి వర్గం ఉంది. దాని నిర్వచనం క్రైస్తవానికే. యూదుడుగా నమోదైన మాదిగకు రెండింటిలోనూ చోటు లేదు. కాబట్టి సమాజమందిరంలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొక పేరు ఉంటే దానిని కపటంగా చదివే హక్కు పరిశోధకునికి లేదు. పడమటి ప్రకాశంలో దళిత క్రైస్తవ కుటుంబాలు ఈ రెండు పేర్ల బతుకును ఎప్పటినుంచో ఎరుగును.

6. శుక్రవారం సాయంత్రం:

పండుగలు చూపరులను ఆకర్షిస్తాయి. పస్కా భోజనం, పర్ణశాలల పండుగ ఛాయాచిత్రాలకు అనువైనవి. వారపు ఆచారం అంత కనబడదు. విశ్రాంతి దినం శనివారం ఉదయం మొదలవదు, శుక్రవారం పొద్దు కుంకక ముందే దీపం వెలిగించడంతో మొదలవుతుంది. ఆ దీపం వెలిగించవలసినది సాధారణంగా ఇంటి స్త్రీ. పదిమంది పురుషుల లెక్కలో ఆమె లేదు. ఆమె లేకుండా ఆ రోజు ఇంట్లోకి రాదు. మరునాటి వంట కూడా అప్పటికే పొయ్యి దిగి ఉండాలి.

నాట్ల కాలంలో కూలికి వెళ్లిన స్త్రీ పొలం నుండి ఇల్లు చేరేది పొద్దు వాలేవేళకే. యూదు దినం మొదలయ్యే గడియ, కూలి దినం ముగిసే గడియ ఒకటే. ఈ రెండింటి మధ్య ఆమెకు మిగిలే సమయం ఎంత, ముఠా ఎప్పుడు వదులుతుంది, శుక్రవారం ముందుగా వదలమని అడగగల స్థితి ఆమెకు ఉందా అన్నవి ఇంకా ఎవరూ తీరికగా కూర్చుని రాయని విషయాలు. మార్కాపురం వైపు పాత బాప్టిస్టు పల్లెల్లో ఆదివారం కపిల కుట్టడానికి పోనని చెప్పిన మగవాళ్ల కథలు మిషన్ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోజు ఇంట్లో గంజి ఎలా కాగిందో వాటిలో లేదు.